డ్రిల్లు టీచరుగారి పిడికిలి బియ్యం

నా బియ్యం మీద ఆవిడ ప్రార్థన చేసింది. చెయ్యనని మా గుమ్మంలో నిలబడి మాటిచ్చి మరీ చేసింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. కొల్లేటి గట్టు మీద, పట్టపగలు, జావ గుండిగ ముందు నిలబడి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతుంటే నా కళ్ళతో నేను చూశాను.

ఇదీ ఒక తప్పేనా అనేవాళ్ళు ఊరంతా ఉన్నారు. మా ఇంట్లోనే ఒకరున్నారు. "ప్రార్థన చేస్తే బియ్యం చేదెక్కుతాయేంటండీ?" అని మా ఆవిడ అప్పుడూ అడిగింది, ఇప్పుడూ అడుగుతోంది. చేదెక్కవు. కానీ మనిషికి కొన్ని షరతులుంటాయి. నాకు దేవుడు లేడు. ఆ లేకపోవడం నాకు ఊరికే రాలేదు. బళ్ళో చదివింది ఐదో క్లాసు. మిగతా చదువంతా తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పక్కన యూనియన్ ఆఫీసు బల్ల మీద, ఒక్కో పుస్తకం కూడబలుక్కుంటూ తెచ్చుకున్నది. దాని కోసం మా అమ్మ చేత తిట్లు తిన్నాను. మా మావగారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాను. ఆ దండ మార్చుకున్న పిల్లే ఇప్పుడు శనివారం శనివారం దీపం పెడుతుంది, అది వేరే సంగతి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా ఆవిడ డబ్బా అడుగున రేషను బియ్యం కాసిని ఉండగానే పైన కొత్త బస్తా బియ్యం పోసేసింది. కుక్కరు మూత తీస్తే సగం గుజ్జు, సగం పలుకు. మా కోడలు మొహం చిట్లించింది. నేను మాత్రం కంచం ముందు కూచుని నవ్వాపుకోలేకపోయాను.

"టీచరుగారు గుర్తొచ్చారా?" అంది మా ఆవిడ.

ఇంకెవరు గుర్తొస్తారు? పోయిన వానాకాలంలో పోయిన మా వీధి చివరి ఇంటి డ్రిల్లు టీచరుగారు.

ఏలూరులో మిషను స్కూలు ఆడపిల్లలకి తరాల తరబడి చేతులు చాపడం, కాళ్ళు ఎత్తడం నేర్పి రిటైరైన మనిషి. రోళ్ళు పగిలే ఎండలో కూడా చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. మెళ్ళో రెండు తాళ్ళు. ఒకదానికి సిలువ, ఒకదానికి ఈల. సిలువ జాకెట్టు లోపలికి ఉండేది, ఈల బయటికి. అదేంటండీ అలాగ అని మా ఆవిడ అడిగితే, "లోపలిది నాకండి, బయటిది జనానికండి" అంది.

ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే ఆవిడ చూడలేకపోయేది. ఒకరి వెనక ఒకరిని పెట్టేదాకా తోచేది కాదు. పాలబూతు దగ్గర, రేషను షాపు దగ్గర, ఆఖరికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా "ఒక చెయ్యి దూరమండీ, ఒక చెయ్యి దూరం" అంటూ సద్దేది. ఒకసారి మా మనవరాలి పేరంటంలో తాంబూలాలకి ఆడవాళ్ళంతా ఎత్తు ప్రకారం నిలబడి ఉండడం నేను చూశాను. పొట్టివాళ్ళు ముందు. ఒక్కరూ నొచ్చుకోలేదు. వాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర చిన్నప్పుడు డ్రిల్లు చేసినవాళ్ళే.

నవ్వితే చప్పుడుండదు. భుజాలు మాత్రం ఎగిరేవి. ఎవరేమన్నా ఒకటే జవాబు: "అలాగేనండి." ఆ అలాగే అనే మాటకి ఒప్పుకున్నట్టు అర్థమని మేమందరం అనుకున్నాం. అక్కడే మోసపోయాం.

మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది.

"కామ్రేడ్‌గారూ, మీ ఇంట్లో కూడా పిడికిలి బియ్యం తీసి ఉంచుతారేమోనని వచ్చానండి."

పిడికిలి బియ్యం సంగతి నాకు తెలుసు. మిషను కాలం నుంచీ వాళ్ళ చర్చి ఆడవాళ్ళకి ఉన్న అలవాటు. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది. కూలికెళ్ళే మనిషి కూడా ఇవ్వగలిగిన పద్ధతి. మంచి పద్ధతే. ఆ మాట నేను పైకి అంటానా?

"మీ చర్చికి నేను బియ్యం వెయ్యనండి," అన్నాను.

"చర్చికి కాదండి. ఆసుపత్రి సందులో జావ కాద్దామనండి. రోగికి సరే, లోపల పెడతారు. కూడా వచ్చినవాళ్ళ మాటేంటండి? కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్ళు పొద్దున్నే మొహం కడుక్కుని గోడ వంక చూస్తూ కూచుంటున్నారు."

"నాకు దేవుడు లేడు. ఆ సంగతి తెలుసా మీకు?"

"పోనీలెండి. బియ్యం ఉన్నాయి కదా?"

లోపల మా ఆవిడ కిసుక్కుమంది.

నేను ఊరుకోలేదు. హక్కుగా రావలసినదాన్ని దయగా పెడితే మనిషి అడగడం మరిచిపోతాడని, దానం చేసేవాడికి దానం పుచ్చుకునేవాడు ఎప్పటికీ కావాలని, అందుకే వాడు ఎప్పటికీ అలాగే ఉండాలని కోరుకుంటాడని, యూనియన్ మీటింగుల్లో చెప్పిందంతా గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. ఆవిడ అంతా విన్నది. మధ్యలో ఒకసారి ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదకి బరువు మార్చుకుంది.

"నిజమేనండి," అంది చివరికి. "ఆ హక్కు వచ్చేదాకా ఈ జావ తాగుతుంటారు. వచ్చిన మర్నాడే పొయ్యి ఆర్పేద్దాం. మీరే ఆర్పండి."

షరతు పెట్టాను. నా బియ్యం మీద ప్రార్థన గీర్థన ఉండకూడదు. ఏ దేవుడి పేరూ వినపడకూడదు. అలాగైతేనే వేస్తాను.

"అలాగేనండి. చెయ్యను," అంది ఆవిడ. ఇదీ ఆ మాట. మా ఆవిడ సాక్షి.

అప్పుడు నాకు తెలియని విషయమేమిటంటే, అదే వారం ఆవిడ ఇంకో రెండు గుమ్మాల్లో ఇంకో రెండు షరతులకి అలాగేనండి అనేసి వచ్చింది. ఒకటి కిరాణా కొట్టు శెట్టిగారిది. దేవుడికి నైవేద్యం పెట్టకుండా ఆయన ఇంటి గింజ బయటికి వెళ్ళదు. పైగా ఆ గుండిగలో చేప ముక్క ఎన్నడూ ఉడికి ఉండకూడదు. రెండోది వాళ్ళ చర్చి పెద్దగారిది, ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. విగ్రహం ముందు పెట్టిన గింజ ఒక్కటి కలిసినా సంఘం బియ్యం ఇవ్వరు. నాకు ఏ దేవుడూ తగలకూడదు, శెట్టిగారికి దేవుడు తప్పకుండా తగలాలి, పెద్దగారికి తన దేవుడు తప్ప ఇంకొకడు తగలకూడదు. ఈ ముగ్గురి బియ్యమూ ఒకే గుండిగలోకి వెళ్ళాలి.

ఎలా నెగ్గుకొచ్చిందో తరవాత తెలిసింది. శెట్టిగారితో, "మీ ఇంట్లో చేసుకునేది మీ ఇంట్లోనే చేసుకుని పంపండి, నాకు మాత్రం చెప్పకండి" అంది. పెద్దగారు వారం వారం అడిగేవారు: "విగ్రహానికి పెట్టిందేమైనా కలిసిందామ్మా?" "నాతో ఎవరూ అనలేదండి," అనేది. అబద్ధం ఒక్కటీ లేదు.

బియ్యం మాత్రం ఆవిడ మాట వినలేదు. ఇంటింటి నుంచీ వచ్చిన పిడికిళ్ళు కలిపి పోస్తే ఏముంటుంది? ఒకరిది సోనా, ఒకరిది స్వర్ణ, ఒకరిది రేషను, ఒకరిది పాత బియ్యం, ఒకరిది నిన్న మిల్లు నుంచి వచ్చిన కొత్త బియ్యం. మొదటి ఆదివారం జావ సగం జిగురు, సగం రాళ్ళు. తాగినవాళ్ళు నమిలారు. నేను గోడ పక్కన నిలబడి ప్రార్థన చేస్తుందేమోనని కాపలా కాస్తున్నాను. చెయ్యలేదు. గుండిగలోకి చూసి తల గోక్కుంటోంది.

"కామ్రేడ్‌గారూ, మిల్లులో పనిచేశారు కదా, ఇదేం రోగమండీ?"

రోగం కాదు, రకాలని చెప్పాను. పిండిమరలో పోసి నూక ఆడించెయ్యండి, నూకయ్యాక సోనా లేదు స్వర్ణ లేదు, అంతా ఒక్క ఉడుకులో ఉడుకుతాయన్నాను. ఆవిడ భుజాలు ఎగిరాయి. "అయితే వచ్చే ఆదివారం మీరే ఆడించుకు రండి," అంది.

అలా మొదలైంది. కాపలాకి వెళ్ళినవాడిని నూక మోసుకెళ్ళాను. నూక మోసుకెళ్ళినవాడి చేతికి గరిటె వచ్చింది. గుండిగలో చేప ఉడకలేదు కదా అని చూసిపోదామని వచ్చిన శెట్టిగారి చేతికి బెల్లం దంచే రోకలిబండ వచ్చింది. విగ్రహాల వాళ్ళు ఏం కలుపుతున్నారో అని వచ్చిన పెద్దగారు గ్లాసులు కడుగుతూ తేలారు. పెద్దగారికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే బావమరిది ఉన్నాడు. అతను ఓ బస్తా ఉల్లిపాయలు పంపితే శెట్టిగారు గుండిగ మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు, నైవేద్యానికి ఉల్లి పనికిరాదని. ఆవిడ క్షణం ఆలోచించి, "జావ గ్లాసులోకి, ఉల్లిపాయ చేతిలోకి" అంది. ఇద్దరూ చల్లబడ్డారు.

"కాపలాకని వెళ్ళి కూలి చేసొస్తున్నారు," అనేది మా ఆవిడ, నా చొక్కా మీద జావ మరకలు చూసి.

మా ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. వాళ్ళు మతం మార్చడానికి పెడుతున్నారండీ అని శెట్టిగారు నా చెవిలో అనేవారు. పుణ్యం కొనుక్కుంటున్నాడండీ ఆయన అని పెద్దగారు నా చెవిలో అనేవారు. నా చెవే ఎందుకంటే, నాకు దేవుడు లేడు కాబట్టి నేను ఎవరి పక్షమూ కాదని వాళ్ళ లెక్క. నేను ఇద్దరి మాటా నిజమేననేవాణ్ణి. అప్పుడు ఇద్దరూ కలిసి నా మీద పడేవారు: "మీరు మాత్రం ఓట్ల కోసం కాదేంటండీ?" మా పార్టీకి ఈ ఊళ్ళో ఓట్లుంటే కదా!

ఒకసారి ఆవిడనే నిలదీశాను. "ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నారు, చెప్పండి. ఎవరు ఎక్కువ ఇస్తారు? దేవుడున్నవాళ్ళా, లేనివాళ్ళా?"

ఆవిడ పొయ్యిలో కట్టె సద్దుతూ, "అలా ఎప్పుడూ చూడలేదండి" అంది. "శెట్టిగారు ఇంట్లో కొడుకుతో గొడవపడిన వారం ఎక్కువ ఇస్తారు. పెద్దగారు పక్కూరి చర్చి వాళ్ళు ఏదైనా చేశారని వింటే ఎక్కువ ఇస్తారు."

"మరి నేనో?"

"మీ పార్టీ ఓడిపోయినప్పుడల్లా మీ పిడికిలి పెద్దదవుతుందండి. ఎన్నికలు వస్తున్నాయంటే నేను ఇంకో డబ్బా కడిగి పెట్టుకుంటాను."

శెట్టిగారు రోకలిబండ వదిలేసి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ మా పార్టీ ఓడిపోతూనే ఉంది, డబ్బా నిండుతూనే ఉంది.

పార్టీలంటే ఆ ఫ్లెక్సీల కథ చెప్పాలి. ఒక వానాకాలం ఆసుపత్రి సందులో పొయ్యి తడుస్తోందని తెలిసి, ఊళ్ళో ఢీ అంటే ఢీ అనే రెండు పార్టీల కుర్ర నాయకులూ ఫ్లెక్సీలు పంపారు. పైన కట్టుకోండి, మా నాయకుడి బొమ్మ కనపడాలి అని ఇద్దరూ చెప్పారు. ఇద్దరికీ అలాగేనండి. ఆవిడ దబ్బనం పెట్టి రెండు ఫ్లెక్సీలనీ అంచుకి అంచు కుట్టేసి కప్పు వేసింది, బొమ్మలు ఆకాశం వైపుకి పెట్టి. ఒకాయన వచ్చి కింద నిలబడి అటూ ఇటూ చూశాడు.

"టీచరుగారూ, మా బొమ్మేదండీ?"

"పైనే ఉంది బాబూ. చక్కగా కనపడేలా కట్టాను."

"ఎవరికి కనపడుతుందండీ అలా కడితే?"

"కొంగలకి. కొల్లేరు వెళ్ళేవి ఇటుగానే కదా వెళ్తాయి."

ఆ కుర్రాడు కూడా ఒకప్పుడు ఆవిడ ఈలకి పరిగెత్తిన పిల్ల కొడుకే. తరవాత ఓ రిక్షా నిండా కట్టెలు పంపించాడు. ఫ్లెక్సీ లేకుండానే పంపించాడు.

ఆవిడకి ఒకే ఒక్క పంతం ఉండేది. ఆవిడ లైన్లో నిలబెట్టిన మనిషి ఖాళీ గ్లాసుతో వెళ్ళకూడదు. జావ పల్చనైతే పల్చనవనీ, గ్లాసు సగమైతే సగమవనీ, ఆఖరివాడిదాకా వెళ్ళాలి. "నేను ఈల ఊది నిలబెట్టానండి. నిలబడ్డారు. ఇప్పుడు లేదంటే ఆ ఈల ఇంక ఎవరు వింటారండి?" అనేది. నాకు తెలిసి ఆసుపత్రి సందులో ఆ మాట ఎన్నడూ పోలేదు. పోతుందేమో అనిపించింది కొల్లేరు పొంగిన ఏడు ఒక్కసారే.

ఆ ఏడు ఎగువ నుంచి నీళ్ళు వచ్చి పడి, లంక గ్రామాలకి దారులు తెగిపోయాయి. జనాన్ని పడవల మీద తెచ్చి గట్టు మీద ఉన్న బడిలో దింపుతున్నారని తెలిసింది. పొద్దున్నే ఆవిడ ఈల వీధి మొదటి నుంచి చివరిదాకా మోగింది. గుండిగ, నూక బస్తాలు, బెల్లం, ఉల్లిపాయలు అన్నీ మా గుమ్మం ముందుకి చేరాయి. వెళ్ళడానికి దొరికింది చేపల వ్యాను.

శెట్టిగారు తులసి కొమ్మ చేతిలో పట్టుకుని వ్యాను వంక చూశారు. "టీచరుగారూ, దీంట్లోనా?"

"కడిగించానండి."

"వాసనో?"

"వాసన తినేది కాదు కదండీ. ఎక్కండి, ముందు సీటు మీకే ఉంచాను."

ఎక్కారు. ఎందుకు ఎక్కరు? ఆయన రాకపోతే ఆ గట్టు మీద నైవేద్యం ఎవరు పెడతారు? నైవేద్యం పెట్టేస్తారేమోనని పెద్దగారు ఎక్కారు. ఇద్దరూ కలిసి ఏం చేస్తారోనని నేను ఎక్కాను. దారి పొడుగునా ముగ్గురం ముక్కులు మూసుకుని కూచున్నాం. ఆవిడ మాత్రం డ్రైవరుతో కొల్లేటి చేపల రకాల గురించి ఆనందంగా మాట్లాడుతోంది.

గట్టు మీద దిగి చూశాం. బడి వరండా నిండిపోయింది. మెట్ల మీద జనం, చెట్ల కింద జనం. చంకన పిల్లలతో, భుజాన తడి గుడ్డలతో ఇంకా పడవలు దిగుతున్నారు. మేము తెచ్చింది ఆసుపత్రి సందుకి సరిపోయే నూక. కట్టెలు తడిసి పొగే తప్ప మంట లేదు. ఆవిడ అదేమీ చూడనట్టు ఈల ఊదింది. తిండి లేక, నిద్ర లేక ఉన్న మనుషులు ఏ కళనున్నారో, కదిలారు. చెయ్యి దూరంలో ఒకరి వెనక ఒకరు. లైను బడి గేటు దాటి, మలుపు తిరిగి, నాకు కనపడనంత దూరం వెళ్ళిపోయింది.

నిలబెట్టేసింది. ఇక లేదనడానికి వీల్లేదు.

జావ కుతకుతలాడుతోంది. నేను గుండిగలోకి చూశాను, లైను వంక చూశాను. అప్పుడు చూశాను ఆవిడని. గుండిగకి అవతల, వానకి తడిసిన చీరతో, బూట్లు బురదలో దిగిపోయి, కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి జాకెట్టు మీద, లోపలి సిలువ ఉన్నచోట. పెదవులు కదులుతున్నాయి.

"టీచరుగారూ!" అని అరిచాను. "మాటిచ్చారు!"

ఆ అరుపుకి పెద్దగారు ఇటు తిరిగారు. సరిగ్గా ఆ సమయానికే శెట్టిగారు, కంగారులో ఇంటి దగ్గర నైవేద్యం పెట్టలేదట, తులసాకు తుంచి గుండిగలో వేసేశారు.

"ఏంటండీ అది? ఏం వేశారందులో?" పెద్దగారు గ్లాసుల బుట్ట కింద పడేశారు.

"దేవుడికి పెట్టకుండా నేను పెట్టనని ముందే చెప్పానండి!"

"అయితే ఇది మా వాళ్ళు ఇచ్చిన బియ్యం కాదేంటి? ఎవరినడిగి వేశారు?"

"ముందు నా సంగతి తేల్చండి," అన్నాను నేను. "ఆవిడ ప్రార్థన చేసింది!"

"ప్రార్థన చేస్తే మీకేం పోయిందండీ?" అని ఆ ఇద్దరూ ఒక్కటై నా మీదకొచ్చారు. నైవేద్యానికి, ప్రార్థనకి, నాస్తికత్వానికి ముగ్గురం గరిటెలు ఊపుకుంటూ గట్టు మీద పోట్లాడుకుంటున్నాం. లైన్లో మొదట ఉన్న ఒక ముసలామె గ్లాసు పట్టుకుని మా మొహాలు ఒకటొకటిగా చూసి, "ఏవండీ, ఇది ఏ దేవుడిదో తేలాకే పోస్తారా?" అని అడిగింది.

అంతలో ఈల మోగింది. నా జన్మలో అంత గట్టి ఈల వినలేదు. గట్టు కింద తుంగలోంచి కొంగలు లేచిపోయాయి. మేము ముగ్గురం, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఒకరి వెనక ఒకరు నిలబడిపోయాం. శెట్టిగారు పొట్టి, ఆయన ముందు.

"శెట్టిగారూ, బెల్లం. పెద్దగారూ, గ్లాసులు. కామ్రేడ్‌గారూ, నీళ్ళు పొయ్యండి, గరిటె పట్టండి. అడుగంటుతోంది."

అంతే. నీళ్ళు పోశాను. మరిగింది. మళ్ళీ పోశాను. పల్చబడింది. శెట్టిగారు బెల్లం దాచుకోకుండా పడేశారు. పెద్దగారు ఉల్లిపాయలు సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి కోస్తున్నారు. ఒకసారి పెద్దగారికి నీళ్ళ చెంబు అందకపోతే శెట్టిగారు అందించారు, ఆయన పుచ్చుకున్నారు. లైను మలుపు అవతల్నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. ఆవిడ లైను వెంట అటు చివరిదాకా నడుస్తోంది, ఇటు తిరిగి వస్తోంది. పిల్లల్ని లెఫ్ట్ రైట్ అనిపించి నవ్విస్తోంది. ముసలాళ్ళని ముందుకి తెస్తోంది.

ఆఖరివాడు ఒక పడవవాడు. అందరినీ దింపి, పడవ కట్టేసి, తన మానాన వచ్చి చివర్లో నిలబడ్డాడు. గుండిగ వంచి పోశాను. గ్లాసు నిండింది. పైన ఇంకో రెండు గుక్కలు మిగిలాయి. అవి కూడా తాగేసి, "కమ్మగా ఉందండీ, ఏదో ప్రసాదం లాగ," అన్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. శెట్టిగారు గాల్లో తేలారు. పెద్దగారు వినపడనట్టు గ్లాసులు కడిగారు.

తిరిగి వచ్చేటప్పుడు చేపల వ్యానులో ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఎందుకంటే మేమే కంపు కొడుతున్నాం. శెట్టిగారు ఏదో హుషారు పాట మొదలుపెట్టారు. పెద్దగారు కీర్తనలకి అలవాటైన గొంతు ఆపుకోలేక రాగం కలిపారు. డ్రైవరు హారన్‌తో తాళం వేశాడు. ఆవిడ బూట్లు విప్పి నీళ్ళు కిటికీలోంచి వంపుతూ చప్పుడు లేకుండా నవ్వుతోంది. ఆ నవ్వులో కూడా నేను అడిగాను, ప్రార్థన ఎందుకు చేశారని.

"అలాగేనండి," అంది.

ఇది జవాబా? చెప్పండి. ఆ తరవాత కూడా వదల్లేదు నేను. పిండిమర దగ్గర అడిగాను. ఆసుపత్రి సందులో అడిగాను. క్రిస్మస్‌కి కేకు తెచ్చి ఇస్తే కేకు పుచ్చుకుని మరీ అడిగాను. "అలాగేనండి, చెబుతానండి" అనేది. చెప్పేది కాదు. మాటిచ్చి తప్పిన మనిషికి సంజాయిషీ ఇవ్వాల్సిన బాధ్యత లేదా? ఉంది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆవిడ పోయాక చర్చి ఆవరణలో సంతాపసభ పెట్టారు. ఇది మా సంఘం సేవ, ప్రభువుకి మా బిడ్డ చెప్పిన సాక్ష్యం అన్నారు పెద్దగారు. ఏ మతంలో పుట్టినా ఇది మన ధర్మమే అన్నారు శెట్టిగారు. ఆ ఫ్లెక్సీ కుర్రాడు ఇది తమ పార్టీ ఆశయమే అన్నాడు. నాకు మైకు ఇస్తే నేను కూడా ఏదో అనేవాణ్ణే. ఇవ్వలేదు. బయటికొచ్చి చూస్తే, ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్ళంతా, జుట్టు నెరిసినవాళ్ళు కూడా, దండ వెయ్యడానికి ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకుంటున్నారు.

జవాబు మాత్రం అంతకు ముందే వచ్చింది. మోకాళ్ళు పట్టేసి ఆవిడ కుర్చీలోంచి లేవడం మానేసిన రోజుల్లో, ఆ వారం నూక ఎంత ఆడిందో చెప్పడానికి వెళ్ళాను. ఈల మెళ్ళోనే ఉంది. బూట్లు వేసుకునే కూచుంది. నేను వెళ్ళగానే పక్కన ఉన్న స్టూలు చూపించి, "చెయ్యి దూరంలో వేసుకోండి" అంది.

నూక సంగతి అయింది. శెట్టిగారు పెద్దగారి ఇంటికి మనవరాలి పెళ్ళి శుభలేఖ పట్టుకెళ్ళిన సంగతి అయింది. ఆవిడ భుజాలు ఎగిరాయి. ఇక లేచి వచ్చేద్దామనుకుని, వాకిట్లో ఆగి, మళ్ళీ అడిగాను.

"ఇంక నాకు ఓపిక లేదండీ. ఆ రోజు గట్టు మీద నా బియ్యం మీద ప్రార్థన చేశారు. చెయ్యనని మాటిచ్చారు. నిజమా, కాదా?"

ఆవిడ ఈసారి అలాగేనండి అనలేదు. కుర్చీలో ముందుకి వంగి, నా మొహంలోకి చూసి అంది:

"మాటిచ్చింది నిజమేనండి కామ్రేడ్‌గారూ. అందుకే మీ బియ్యం మీద చెయ్యలేదు. లైను చివర నిలబడ్డాయన మీద చేశాను. ఆయన దాకా రావాలి అన్నాను, అంతే. ఇంకొక్క మాట కూడా అనలేదు. అది కూడా మీకు వద్దంటే చెప్పండి, ఈసారి మానేస్తాను."